ఉబ్బే నీటికి దారి: మా ఇంటి వేడినీళ్ల సిలిండరు డైరీ

పాత గీజరు దించాం

నల్లగొండలో మాది కింద ఒక వాటా, పైన ఒక వాటా ఉన్న ఇల్లు. కింద అత్తమ్మ, మామయ్య ఉంటారు, పైన మేము. పై బాత్రూములోని 25 లీటర్ల గీజరు అడుగు నుంచి తుప్పు నీళ్లు కారుతుంటే ఈ వారం దాన్ని దించేశాం. దాని చోట మరో గీజరు తగిలించకుండా, రెండు బాత్రూములకూ రెండు వంటిళ్లకూ కలిపి కింద వాష్ ఏరియాలో ఒకే 100 లీటర్ల సిలిండరు నిలబెట్టాలని నిర్ణయించుకున్నాం. పనిని మొదటి నుంచీ రాసి పెట్టుకుంటున్నాను. నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. పాఠంలో చెప్పే పీడనం, వ్యాకోచం ఇంట్లో ఇంత దగ్గరగా కనబడే చోటు మరొకటి లేదు.

ముందుగా పీడనం లెక్క. నీటి ఎత్తు 10 మీటర్లు ఉంటే అడుగున సుమారు 1 బార్ పీడనం ఉంటుంది. మా డాబా మీది ట్యాంకు నుంచి పై బాత్రూము షవరుకు ఉన్న ఎత్తు మీటరున్నర మాత్రమే, అంటే 0.15 బార్. షవరు తిప్పితే నీళ్లు నెత్తిన బొట్లుగా రాలేవి. ఆ బాధ పడలేకే డాబా మీద ప్రెషర్ పంపు పెట్టించాం. పంపు ఆగే సమయానికి దాని దగ్గర పీడనం 1.4 బార్ ఉంటుంది. అక్కడి నుంచి వాష్ ఏరియాకు పైపు 6 మీటర్లు దిగుతుంది కాబట్టి మరో 0.6 కలిసి మొత్తం 2 బార్ అవుతుంది. కొత్త సిలిండరు చల్లగా ఉన్నప్పుడు కూడా రాత్రీ పగలూ మోయాల్సిన ఒత్తిడి ఇది. వేడెక్కినప్పుడు ఎంత మోయాలో వేరే లెక్క ఉంది, దాని దగ్గరకు వస్తాను.

పక్కింటి డాబా మీది సోలార్ హీటరు చూసి, దాన్నే పెద్దది చేసుకోవచ్చు కదా అని మా వారు అడిగారు. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే గాజు గొట్టాల సోలార్ ట్యాంకు పీడనం మోసేది కాదు. దానికి పైన గాలి గొట్టం తెరిచే ఉంటుంది. గాజు గొట్టాలు రబ్బరు రింగుల మీద ఆనుకుని ఉంటాయి. ప్రెషర్ పంపును దానికి కలిపితే గాలి గొట్టంలోంచి నీళ్లు పొంగుతాయి, రింగుల దగ్గర కారుతాయి. పంపు ఉన్న ఇంట్లో పీడనాన్ని తట్టుకునేలా చేసిన మూత ట్యాంకే కావాలి.

కోసి చూశాం

పాత గీజరును పాత ఇనుముకు వేసేయనివ్వలేదు. ప్లంబర్ అన్నను అడిగి, పక్క వీధిలోని వెల్డింగ్ షాపులో నిలువునా కోయించాను.

పై రేకు తీయగానే పసుపు పచ్చటి గట్టి నురగ. వేడి బయటికి పోకుండా ఆపేది అదే. గీజరు మీద అతికించే బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) నక్షత్రాలు చెప్పేది కూడా ముఖ్యంగా ఈ నురగ పనితనం గురించే: చుక్క నీరు వాడకపోయినా 24 గంటల్లో ఎంత కరెంటు వృథాగా పోతుందన్నది దానికి కొలత. నురగ లోపల ఉక్కు ట్యాంకు. దాని లోపలి వైపు నీలం రంగు గాజు పూత.

కోత పూర్తయి రెండు చిప్పలూ విడిపోయేసరికి అడుగున అరచేయంత మందాన సున్నపు గార. తెల్లగా కొంత, తుప్పు కలిసి గోధుమ రంగులో కొంత. హీటింగ్ ఎలిమెంట్ ఆ గారలో సగం కూరుకుపోయి ఉంది. వేలితో నొక్కితే పైపొర పెంకులుగా ఊడింది, కింది పొర రాయిలా ఉంది. ఎలిమెంట్ పక్కనే ఉండాల్సిన మెగ్నీషియం కడ్డీ చోట సన్నని ఉక్కు తీగ ఒక్కటే మిగిలింది. ఆ కడ్డీని యానోడ్ అంటారు. గాజు పూత ఎక్కడ చిట్లినా నీరు ఉక్కును తినకుండా ముందు మెగ్నీషియాన్ని తింటుంది. కడ్డీ అయిపోయాక ఉక్కు వంతు వస్తుంది. అడుగు వెల్డింగు గీత పొడవునా తుప్పు పట్టింది అందుకే. ఏడాదికి ఒకసారి బోల్టులు విప్పి కడ్డీ మార్చి ఉంటే ఈ ట్యాంకు ఇంకా చాలా ఏళ్లు పనిచేసేది. మా కంటే ముందు ఈ ఇంట్లో ఉన్నవాళ్లు పెట్టించిన గీజరు ఇది. కడ్డీ ఒకటి ఉంటుందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

లోపల రెండు గొట్టాలు. చల్లనీళ్ల గొట్టం అడుగుననే ఆగిపోయింది. దాని నోటికి చిన్న అడ్డు రేకు ఉంది, వచ్చే నీరు పైకి చిమ్మకుండా పక్కలకు పరుచుకోవడానికి. వేడినీళ్ల గొట్టం మాత్రం ట్యాంకు పై అంచు దాకా నిటారుగా వెళ్లింది. వేడి నీరు తేలిక, అది పైన చేరుతుంది. చల్లనీరు బరువు, అది అడుగున నిలుస్తుంది. బాత్రూములో వేడి కుళాయి తిప్పినప్పుడు నీటిని లాగే పంపు లోపల ఏదీ లేదు. అడుగున ఎంత చల్లనీరు తోసుకొస్తే పైనుంచి సరిగ్గా అంత వేడినీరు బయటికి పోతుంది. ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.

అత్తమ్మ వచ్చి ఆ రెండు గొట్టాలనూ చూసి, "ఇది మన రాగి బాయిలరే కదా బిడ్డా" అన్నారు. అక్షరాలా అదే. గరాటులో చెంబుడు చల్లనీళ్లు పోస్తే కొమ్ములోంచి చెంబుడు వేడినీళ్లు బకెట్లో పడేవి. గరాటు నీరు లోపల అడుగుకు చేరి, పైనున్న వేడినీటిని బయటికి నెట్టేది. రెండింటికీ తేడా ఒక్కటే: బాయిలరుకు నోరు తెరిచి ఉండేది. నీరు ఉబ్బినా మరిగినా ఆవిరయినా దారి దొరికేది. ఈ ట్యాంకుకు అన్ని వైపులా మూతే.

బిరడా

చల్లనీరు లోపలికొచ్చే చోట చిటికెన వేలంత ముక్కు ఉన్న ఇత్తడి వాల్వు ఒకటి ఉంటుంది. రెండు పనులు దానివి. ఒకటి, ట్యాంకులోకి వచ్చిన నీరు తిరిగి వెనక్కి పోకుండా ఆపడం. రెండోది, లోపల పీడనం హద్దు దాటితే, మామూలుగా 8 బార్, ఆ ముక్కులోంచి నీటిని వదలడం.

మా పాత గీజరు వాల్వు ముక్కును ఎవరో పుట్టీతో పూడ్చేశారు.

ఎందుకు పూడ్చారో తెలుస్తూనే ఉంది. నీళ్లు వేడెక్కినప్పుడల్లా చుక్కలు పడేవి, గోడ తడిసేది, సున్నం చారలు కట్టేవి. కారే చోట మూస్తే కారడం ఆగుతుంది. ప్లంబర్ అన్న అన్నాడు, "టీచరమ్మా, మన ఊళ్లో పది ఇళ్లకు పోతే సగం ఇళ్లలో ఇట్లాగే ఉంటుంది. కారుతోంది మూసేయమంటారు. మూయకపోతే పని రానివాడంటారు."

మరి ఇన్నేళ్లూ మా గీజరు ఎందుకు పగలలేదు? వాల్వును కూడా కోసి చూస్తే జవాబు దొరికింది. వెనక్కి పోకుండా ఆపాల్సిన లోపలి పలక సున్నం పట్టి సగం తెరుచుకుని బిగుసుకుపోయింది. ఉబ్బిన నీరు ఆ సందులోంచి వెనక్కి, చల్లనీళ్ల పైపులోకి పోయేది. ఒక భాగం చెడిపోవడం వల్ల ఇంకో భాగం మూసుకుపోయిన ప్రమాదం తప్పింది. ఎవరైనా మంచి మనసుతో, నీరు వెనక్కి పోకుండా ఆపే కొత్త ఎన్‌ఆర్‌వీ ఒక్కటి బిగించి, ముక్కును అలాగే వదిలేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే భయం వేసింది. ఈ డైరీని నా కోసం మాత్రమే ఉంచుకోకూడదని ఆ రోజే అనుకున్నాను.

ఎంత ఉబ్బుతుంది

చలికాలం తెల్లవారుజామున మా ట్యాంకు నీరు 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని 60 డిగ్రీలకు తెస్తే ఒకటిన్నర శాతం ఉబ్బుతుంది. 100 లీటర్లకు లీటరున్నర. ఇంట్లో గిన్నెలో కాచేటప్పుడు ఎవరూ గమనించనంత చిన్న మార్పు. మూసిన ఉక్కు సిలిండరులో అది చిన్నది కాదు, ఎందుకంటే నీరు అణగదు. నీటిని ఒక్క శాతం కుదించాలంటే 200 బార్లకు పైగా పీడనం కావాలి. అంటే ఉబ్బిన నీటికి దారి ఇవ్వకపోతే, ఏ ఇంటి ట్యాంకూ మోయలేని బరువు దాని మీద పడుతుంది. పంపు ఇచ్చే 2 బార్లు దీని ముందు లెక్కలోకే రావు. గీజరు గురించి మాట్లాడేవాళ్లు అందరూ పంపు ప్రెషర్ గురించి అడుగుతారు. అసలు ప్రెషర్ వేడి నుంచి వస్తుంది.

దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి. వేడి హద్దుకు రాగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ చెడి, ఎలిమెంట్ ఆగకుండా కాస్తూ పోతే? తెరిచిన గిన్నెలో నీరు 100 డిగ్రీల దగ్గర మరిగి ఆగుతుంది. 2 బార్ల పీడనం కింద ఉన్న నీరు 133 డిగ్రీల దాకా మరగదు. 7 బార్ల కింద 170 దాకా. నీరుగానే ఉంటుంది, కానీ పీడనం పోయిన క్షణం నీరుగా ఉండలేదు. ట్యాంకు ఒక్కచోట చీలితే చాలు, అందులో కొంత భాగం అక్కడికక్కడే ఆవిరి అవుతుంది. 150 డిగ్రీల దగ్గర ఉన్న 100 లీటర్లలో పదో వంతు వరకూ ఆవిరైనా దాదాపు 15 వేల లీటర్ల ఆవిరి పుడుతుంది. మా వాష్ ఏరియా గది అంతా కలిపినా అంత చోటు లేదు. గీజర్లు గోడలను పగలగొట్టేది ఈ ఆవిరితో.

కాబట్టి కొత్త ఏర్పాటులో రెండు దారులు ఉండాలి. మామూలు ఉబ్బుకు ఒకటి, అదుపు తప్పిన వేడికి ఒకటి. రెండోది నీరు 100 దాటకముందే తెరుచుకోవాలి.

సామాను

క్లాక్ టవర్ దగ్గరి దుకాణాల్లో సిలిండరు దొరకడం తేలిక, దాని చుట్టూ పెట్టాల్సినవి దొరకడం కష్టం. కొన్ని హైదరాబాద్ నుంచి తెప్పించాం.

సిలిండరు: 100 లీటర్లు, నేల మీద నిలబడేది, లోపల గాజు పూత, 3 కిలోవాట్ల ఎలిమెంట్, 8 బార్లకు రేటింగ్, గీజర్లకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2082 ముద్ర. గోడకు వేలాడదీసేది వద్దన్నాను. నీళ్లే వంద కిలోలు, ట్యాంకు బరువు అదనం. ఆ గోడ నాలుగంగుళాల ఇటుక గోడ.

మిగతా అమరికకు బ్రిటన్ పద్ధతి చదివి దాన్ని అనుసరించాను. అక్కడ 1980ల నడిమి దాకా ఇళ్లలో పీడనం ఉన్న వేడినీళ్ల సిలిండర్లను అనుమతించలేదు. అటక మీద ఒక ట్యాంకు, దాని మీదికి వంగిన గాలి గొట్టం, అంటే ఒక రకంగా మన బాయిలరు లాగే నోరు తెరిచిన పద్ధతి. తరువాత అనుమతించినప్పుడు, జీ3 అనే నిబంధన కింద కాపలా మీద కాపలా పెట్టారు. 15 లీటర్లకు మించిన సిలిండరును అర్హత ఉన్నవాళ్లే బిగించాలి. వీధి పైపు నుంచి నేరుగా నీరు వస్తుంది కాబట్టి ముందు పీడనాన్ని 3 బార్ల దగ్గరకు తగ్గించే వాల్వు. ఆ తరువాత ఉబ్బే నీటికి ఒక గాలి డబ్బా. అది విఫలమైతే 6 బార్ల దగ్గర తెరుచుకునే వాల్వు. అన్నీ విఫలమైతే ట్యాంకు పై భాగంలో వేడికీ పీడనానికీ రెండింటికీ స్పందించే మరో వాల్వు. మన దగ్గర నీరు వీధి పైపు నుంచి సంపులోకి, సంపు నుంచి డాబా మీదికి పోయి వస్తుంది, పంపు 1.4 దగ్గర ఆగిపోతుంది. అందుకని పీడనం తగ్గించే వాల్వు మాకు అక్కర్లేదు. మిగతా మూడూ తెచ్చాం.

గాలి డబ్బా అంటే ఎర్ర రంగు వేసిన 8 లీటర్ల ఉక్కు డబ్బా. లోపల రబ్బరు తిత్తి. ఒక వైపు నీరు, మరో వైపు గాలి. గాలి వైపు కారు టైరుకు ఉండే వాల్వే ఉంటుంది. సైకిలు పంపుతో, టైరు గేజితో చూసుకుంటూ, నీరు కలపకముందే 2 బార్లు కొట్టాను. నీటి పీడనం ఎంతో గాలి పీడనం అంతే ఉండాలి. ఎక్కువైతే నీరు లోపలికి రాదు, తక్కువైతే డబ్బా ముందే నిండిపోయి ఉబ్బుకు చోటు మిగలదు.

బిగింపు

నీరు వచ్చే వైపు నుంచి వరుస ఇది: బాల్ వాల్వు, మడ్డిని వడగట్టే జాలి, ఎన్‌ఆర్‌వీ, గాలి డబ్బాకు కొమ్మ, 6 బార్ల సేఫ్టీ వాల్వు, ప్రెషర్ గేజి, ఆపైన సిలిండరు అడుగు. ఎన్‌ఆర్‌వీకీ సిలిండరుకూ మధ్య, సేఫ్టీ వాల్వు దారిలో, మూయగల వాల్వు ఒక్కటి కూడా ఉండకూడదు. ప్లంబర్ అన్న అలవాటు ప్రకారం సిలిండరు పక్కనే ఒక బాల్ వాల్వు పెట్టబోయాడు, రేపు విప్పాలంటే తేలిక అని. ఎవరో పిల్లలు దాన్ని మూస్తే సేఫ్టీ వాల్వు ఉండీ లేనట్టే అని చెప్పగానే చేతిలోది కింద పెట్టేశాడు. "ఇన్నేళ్లలో ఈ మాట ఎవరూ చెప్పలేదు టీచరమ్మా" అన్నాడు. ఆ తరువాత ప్రతి జాయింటు దగ్గరా ఆగి, నీరు ఎటు ఉబ్బుతుంది, ఎటు పోతుంది అని తనే అడిగాడు. పని తెలిసిన మనిషికి కారణం కూడా తెలిస్తే అతని చేతిపని ఎంత మారుతుందో ఆ మధ్యాహ్నం చూశాను.

పై వాల్వు 7 బార్లకు లేదా 90 డిగ్రీలకు తెరుచుకుంటుంది. దానికి వేలంత పొడవు తోక ఉంటుంది. ఆ తోక సిలిండరు పై భాగంలోని వేడి నీటిలో మునిగి ఉండాలి. పైపులో ఎక్కడో దూరంగా బిగిస్తే వేడి దానికి తెలియదు.

రెండు వాల్వుల నుంచి వచ్చే నీటిని జీఐ (జింకు పూత ఇనుప) పైపుతో కిందికి దించాం. మరిగే నీరు రావచ్చు కాబట్టి అక్కడ ప్లాస్టిక్ వద్దన్నాను. పైపు మధ్యలో వేలెడు ఖాళీ వదిలి, కింద గరాటు పెట్టాం. నీరు కారితే ఆ ఖాళీలో కంటికి కనిపిస్తుంది. పైపు కిందికే వాలుతూ పోయి, నేల మీది జాలి దగ్గర ముగుస్తుంది. దానికి కుళాయి లేదు, మూత లేదు.

కుళాయిలకు వెళ్లే వేడి లైను సీపీవీసీ, అంటే వేడినీళ్ల కోసం చేసిన ప్లాస్టిక్. ఆ పైపు చల్లగా ఉన్నప్పుడు 27 బార్లకు పైగా తట్టుకునే రకం. 82 డిగ్రీల దగ్గర దాని బలం 7 బార్ల లోపుకు పడిపోతుంది. మామూలు 8 బార్ల వాల్వును నమ్ముకోకుండా 6 బార్లది పెట్టడానికి, బ్రిటన్ పద్ధతి కాక, ఇది రెండో కారణం. పై అంతస్తుకు వెళ్లే పొడుగు పైపుకు నల్లటి నురగ తొడుగు వేశాం.

కరెంటు పని ఎలక్ట్రీషియన్ చేశాడు. 3 కిలోవాట్లు అంటే 13 ఆంపియర్లు. విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, కరెంటు మితిమీరితే తెంచే 20 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర తెంచే ఆర్‌సీసీబీ, ఎర్తింగ్.

నీరు నింపడం

స్విచ్ జోలికి పోకుండా ముందు నీరు. ఇంట్లోని వేడి కుళాయిలన్నీ తెరిచి పెట్టి బాల్ వాల్వు తిప్పాం. చాలాసేపు గాలే వచ్చింది, ఆ తరువాత దగ్గుతూ నీరు, ఆ తరువాత గట్టి ధార. పై బాత్రూములో ధార నిలకడగా పడేదాకా ఎవరినీ స్విచ్ ముట్టుకోనివ్వలేదు. నీరు లేకుండా ఎలిమెంట్ వేస్తే నిమిషాల్లో మాడిపోతుంది. కుళాయిలు కట్టేశాక గేజి ముల్లు 2 దగ్గర నిలిచింది. రాత్రంతా అలాగే వదిలేశాం. పొద్దున ముల్లు అక్కడే ఉంది, జాయింట్లు పొడిగా ఉన్నాయి.

ముల్లు కదిలిన రోజు

ఆదివారం. గాలి డబ్బా కొమ్మకు, దాన్ని మార్చేటప్పుడు మూయడానికి ఒక వాల్వు ఉంది. పరీక్ష కోసం దాన్ని మూసి స్విచ్ వేశాను. ప్లంబర్ అన్న, ఎలక్ట్రీషియన్ ఇద్దరూ పక్కనే ఉన్నారు. సేఫ్టీ వాల్వు మీట ఎత్తి అది పనిచేస్తోందని ముందే చూసుకున్నాం.

కొద్ది నిమిషాలకే ముల్లు కదిలింది. మూడు దాటింది, నాలుగు దాటింది. సిలిండరు మీద చెయ్యి పెడితే ఇంకా చల్లగానే ఉంది. నీరు నాలుగైదు డిగ్రీలు వేడెక్కి ఉంటుందేమో, అంతే. 6 దగ్గరకు రాగానే గరాటు మీది ఖాళీలో మొదటి చుక్క కనిపించింది. ఆపైన ముల్లు కదలలేదు, చుక్కలు ఆగలేదు. కింద గిన్నె పెట్టాను. థర్మోస్టాట్ 60 దగ్గర టిక్కుమని ఆగేసరికి గంటన్నర పట్టింది. లెక్క ప్రకారం పట్టాల్సింది కూడా అంతే, 4.65 యూనిట్లను 3 కిలోవాట్లతో భాగిస్తే. గిన్నెలో నీరు లీటరున్నరకు కాస్త తక్కువ.

ఆ నీటిలో వేలు పెట్టి చూడమని అందరికీ చెప్పాను. చల్లగా ఉంది. సేఫ్టీ వాల్వు చల్లనీరు వచ్చే వైపు ఉంది కాబట్టి, పైన నీరు ఉబ్బితే అడుగున ఉన్న చల్లనీరే బయటికి నెట్టబడుతుంది. ఈ ఒక్క గుర్తు ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి. గీజరు కాగుతున్నప్పుడు వాల్వు నుంచి చల్లని చుక్కలు పడితే అది తన పని తాను చేస్తోంది. మసిలే నీరో ఆవిరో వస్తే థర్మోస్టాట్ పోయిందని అర్థం. వెంటనే మెయిన్ స్విచ్ ఆపి, ఆ నీటికి దూరంగా జరగాలి, చల్లారేదాకా దేన్నీ విప్పకూడదు. ఏ చుక్కనూ మూయకూడదు.

సిలిండరు ఖాళీ చేసి, మళ్లీ చల్లనీరు నింపి, ఈసారి గాలి డబ్బా వాల్వు తెరిచి స్విచ్ వేశాం. ముల్లు నెమ్మదిగా జరిగింది. నీరు 60కి చేరేసరికి 2.7. గరాటు పొడి. ముందు రోజు కాగితం మీద వేసిన లెక్క కూడా అంతే వచ్చింది: 8 లీటర్ల గాలిలోకి లీటరున్నర నీరు చొరబడితే, మొత్తం పీడనం 3 నుంచి 3.7కు పెరుగుతుంది, బయటి గాలి ఒకటి తీసేస్తే 2.7. బాయిల్ నియమం బోర్డు మీద ఎన్నోసార్లు రాశాను. ముల్లు ఆ అంకె మీద ఆగినప్పుడు కలిగిన సంతోషం వేరు.

డబ్బా కొమ్మ మీది వాల్వుకు పిడి తీసి అత్తమ్మ బీరువాలో పెట్టాను. చేత్తో తిప్పే వీలు ఇక లేదు.

బకెట్ల లెక్క

60 డిగ్రీల నీరు ఒంటి మీద పడితే అయిదారు క్షణాల్లో బొబ్బలెక్కుతుంది. అయినా 60 దగ్గరే ఉంచుతున్నాను. అంతకంటే బాగా తగ్గించి గోరువెచ్చగా నిలవ ఉంచితే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియోనెల్లా లాంటి బాక్టీరియా పెరగడానికి అనువుగా ఉంటుంది. బకెట్లో ముందు చల్లనీరు, ఆపైన వేడినీరు అని పిల్లలకు నియమం పెట్టాం. 20 డిగ్రీల నీటితో సగం సగం కలిపితే స్నానానికి సరిపోయే 40 వస్తుంది. ఆ లెక్కన 100 లీటర్లు 200 లీటర్ల స్నానపు నీరు కావాలి. అంత రాలేదు. మొదటి 70 లీటర్ల దాకా వేడి ఏమాత్రం తగ్గలేదు, ఆ తరువాత చప్పున జారిపోయింది. అడుగు నుంచి చల్లనీరు పైకి ఎక్కుతూ వేడినీటి గొట్టం నోటిని చేరినప్పుడు అలా అవుతుంది. కుళాయి మరీ వేగంగా తిప్పితే లోపల రెండూ కలిసిపోయి ఇంకా ముందే చల్లబడింది. తెల్లవారుజామున పైన ఇద్దరు, కింద ఇద్దరు వరుసగా స్నానం చేయడానికి ఇది హాయిగా సరిపోతోంది.

నీరు ఎక్కడిది

మా ఇంటికి రెండు నీళ్లు. ఒకటి పానగల్ ఉదయసముద్రం మీదుగా వచ్చే కృష్ణా నీరు, రెండోది మా బోరు. పాత గీజరులో చూసిన గార బోరు నీటిది. కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి సుద్దగా మారి అడుగున పడుతుంది. 60 దాటిన కొద్దీ ఆ పని వేగంగా జరుగుతుంది. ఊడిన పెంకు మీద నిమ్మ ఉప్పు నీళ్లు చల్లితే బుసబుసమని పొంగింది. కోసిన గీజరు రెండు చిప్పలనూ, ఈ పెంకులనూ బడికి తీసుకెళ్లాను. తొమ్మిదో తరగతి పిల్లలు పూడ్చిన ముక్కును చేత్తో పట్టుకుని చూశారు. ఆ సాయంత్రమే ఇద్దరు ముగ్గురు తమ ఇంట్లో గీజరు ముక్కు ఎలా ఉందో చూసి వచ్చి చెప్పారు.

ఇంకో మాట, నల్లగొండవాళ్లకు మరీ ముఖ్యం. నీటిని కాస్తే ఫ్లోరైడ్ పోదు. ఆవిరి పోయిన కొద్దీ మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడుతుంది. దాన్ని తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి మన ఊరి పేరే ఉంది, నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు రూపొందించింది. బోరు నీరు నింపిన గీజరు నుంచి పప్పుకు, బియ్యానికి నీళ్లు పట్టుకోవడం చాలా ఇళ్లలో చూశాను, త్వరగా ఉడుకుతుందని. మా ఇంట్లో వంటింటి వేడి కుళాయి గిన్నెలు కడగడానికి మాత్రమే. సిలిండరుకు వెళ్లే ట్యాంకులోకి ఇప్పుడు కృష్ణా నీరు ఒక్కటే నింపుతున్నాం. బోరు నీరు మొక్కలకు, వాకిలికి.

ఇంకా మిగిలిన పని

నెలకోసారి రెండు వాల్వుల మీటలూ ఒకసారి ఎత్తి వదలాలి, సున్నం పట్టి బిగుసుకుపోకుండా. ఈ నెల అయింది. ఆరు నెలలకోసారి గాలి డబ్బాలో గాలి చూడాలి, అదీ నీటి పీడనం తీసేశాక. ఎండాకాలంలో మా డాబా ట్యాంకు నీళ్లే చేతిని కాలుస్తాయి; మార్చి నుంచి సిలిండరు స్విచ్ ఆపేసి, అడుగు కుళాయి తెరిచి మడ్డి కడిగేయాలి. మళ్లీ కార్తీకం రాకముందు యానోడ్ విప్పి, ఎంత మిగిలిందో కొలిచి ఇక్కడ రాస్తాను. కొత్త కడ్డీ ఇప్పుడే కొని పెట్టాను, అప్పటికి దుకాణంలో దొరుకుతుందో లేదో అని.

ప్లంబర్ అన్న నిన్న ఫోను చేశాడు. మా పై వీధిలో ఒక ఇంట్లో గీజరు వాల్వు కారుతోందని పిలిచారట. ముక్కు మూయనని చెప్పి, చిన్న పైపు తొడిగి చుక్కలను బాత్రూము జాలి దాకా దించి వచ్చాడట. ఆ ఇంటివాళ్లు గాలి డబ్బా ఎంత అవుతుందని అడిగారని, మనం తెచ్చిన చోటు చెప్పమన్నాడు. దుకాణం చిరునామా పంపాను.